పోయిన బిడ్డ పేరు నిలుపుట

(రాయవరములో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున ఒక విశ్రాంత వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నన్ను పిలిచినవారు గ్రామారోగ్యమును గూర్చి మాట్లాడుమన్నారు. మంచినీటి చెరువు, మురుగు కాలువ, దోమలు, పాముకాటు - ఈ విషయములపై మీరు ఎన్నో ప్రసంగములు వినియుందురు. వానిని నేడు ప్రక్కకు పెట్టి, మీ ఎజెండాలో అన్నిటికంటె చివర "ఇతరములు" అను శీర్షిక క్రింద వచ్చు ఒక చిన్న అర్జీని గురించి మాట్లాడదలచినాను. దీపాలు, రోడ్లు, పన్నులు అన్నియు ముగిసి, సభ్యులు కండువాలు దులుపుకొని లేచు వేళకు ఆ "ఇతరములు" వచ్చును. ఆ వేళకు ఓపిక ఎవరికి మిగిలియుండును?

ఆ అర్జీ వ్రాసిన దంపతులు మీ మండలమువారు కారు. గోదావరి కాలువ ప్రక్కనున్న ఒక ఊరివారు. ఊరి పేరు, వారి పేర్లు చెప్పను. నేను ఉద్యోగములో ఉన్న కాలమున ఆ ఊరు నా ప్రాథమిక ఆరోగ్య కేంద్రము క్రింద ఉండెడిది. అర్జీలో ఉన్నది నాలుగు పంక్తులే. "మా పాప, మా బాబు జ్ఞాపకార్థము అంగన్‌వాడీ కేంద్రమునకు మా ఖర్చుతో నేలబండలు వేయించెదము. గోడమీద వారి పేర్లతో చిన్న రాతిపలక పెట్టుకొనుటకు అనుమతి ఇప్పించ ప్రార్థన." సభలో కొంతసేపు ఎవరును ఏమియు అనలేదు. పిదప ఒకరు "చూద్దాము" అన్నారు. పంచాయతీలో "చూద్దాము" అన్న మాటకు అర్థమేమో మీకు నేను చెప్పనక్కరలేదు.

తరువాత బయట, రావిచెట్టు క్రింద, అసలు మాట వచ్చినది. చనిపోయిన పసిబిడ్డల పేర్లు పసిపిల్లలు ఆడుకొను చోట గోడమీద ఉండుట అశుభమట. కడుపుతో ఉన్న స్త్రీలు నెలనెలా అక్కడికి వచ్చెదరు, వారి కంట ఆ పలక పడరాదట. ఆ మాట అన్నవారు చెడ్డవారు కారు. ఆ దంపతుల ఇంటికి కష్టకాలమున కూరా నారా పంపినవారు వారే.

ఇంతకును ఆ ఇంట జరిగినదేమో మొదటినుండి చెప్పవలెను. అందులో నా తప్పు కూడ కొంత కలదు.

మొదట ఆడబిడ్డ పుట్టినది. కాన్పు సుఖముగానే జరిగినది. బిడ్డ బరువు బాగున్నది. మూడవ నెల దాటినను మెడ నిలువలేదు. కాళ్ళు ఆడించుట క్రమముగా తగ్గినది. పాలు త్రాగునప్పుడు మధ్య మధ్య ఆగి ఆయాసపడెడిది. ఏడ్చినను ఆ ఏడుపు ప్రక్క గదిలోనికి వినబడెడిది కాదు. కాని ఆ బిడ్డ కన్నుల చురుకుదనము నేను మరువలేను. వీధిలో తండ్రి సైకిలు గంట వినబడినంతనే చూపు వాకిటివైపు తిప్పెడిది. ఇంటి పెద్దలు "కొందరు పిల్లలకు మెడ ఆలస్యముగా నిలుచును" అన్నారు. నేనును ఇంచుమించు ఆ మాటయే అన్నాను. బలము మందు ఒకటి వ్రాసి పంపినాను.

ఎనిమిదవ నెలలో నెమ్ము చేసినది. పట్టణములోని ఒక పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోయినారు. అక్కడ ఏవో పరీక్షలు చేసినారు, ఒక ఫైలు చేతికిచ్చినారు. ఏమి జబ్బో, ఎందుకు వచ్చినదో ఆ తల్లిదండ్రులకు విడమరచి చెప్పినవారు లేరు. పది దినములలో బిడ్డ పోయినది.

చంటిబిడ్డ గనుక దహనము లేదు. కాలువ గట్టున పూడ్చిపెట్టినారు. బిడ్డ చొక్కాలు, ఊయెల కట్టిన చీర, గిలకలు, ఆసుపత్రి ఫైలు అన్నియు ఒక మూట కట్టి పెద్దలు కాలువలో విడిచినారు. తల్లి కంట అవి పడరాదని చేసినారు. దయతో చేసిన పనియే అది. పంచాయతీ రిజిస్టరులో మరణ కారణము అన్న గడిలో "జ్వరము" అని వ్రాసినారు.

మూడేండ్లు తిరుగకమునుపే మగబిడ్డ కలిగినాడు. రెండవ నెలలోనే కాళ్ళు ఆడలేదు. ఈ సారి ఆ తల్లి ఎవరి మాటయు వినలేదు. బిడ్డను ఎత్తుకొని నా గదిలోనికి వచ్చి, బల్లపై పరుండబెట్టి, రెండు చేతులు పట్టి మెల్లగా పైకి లేపి చూపినది. తల వెనుకకు వ్రేలాడినది. "అక్కకు ఉన్నదే తమ్మునికి ఉన్నది డాక్టరుగారూ, ఈసారి బలము మందు వ్రాయకండి" అన్నది. ఆ మాట నాకు ఇప్పటికిని వినబడుచుండును. అక్క కాగితములు ఏవి అని అడిగితిని. కాలువలో పోయినవి అని తండ్రి చెప్పినాడు.

ఆ కాగితములు ఉన్నచో రెండవ బిడ్డ గర్భములో ఉండగనే సంగతి తెలిసియుండెడిది. అవి లేనందున అంతయు మరల మొదటినుండి. హైదరాబాదుకు రక్తము పోయినది. ఫలితము వచ్చుసరికి బాబుకు ఏడవ నెల. జబ్బు పేరు స్పైనల్ మస్క్యులర్ అట్రఫీ. బాబు తన మొదటి పుట్టినరోజు చూడలేదు.

ఆ జబ్బేమో రెండు మాటలలో చెప్పెదను. మన వెన్నుపాములో కండరములకు ఆజ్ఞలందించు నరకణములు కలవు. అవి బ్రదుకుటకు ఒక విధమైన మాంసకృత్తు కావలెను. దానిని తయారుచేయించు జన్యువు ప్రతి మనిషికి తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి సంక్రమించును. ఒక తలుపునకు రెండు తాళపుచెవులు ఉన్నవనుకొనుడు. ఒకటి విరిగినను రెండవదానితో తలుపు తెరచుకొనును. అట్టి మనుష్యుడు నూరేండ్లు నిక్షేపముగా బ్రదుకును, తనవద్ద విరిగిన చెవి ఒకటి ఉన్నదని కూడ ఎరుగడు. భార్యకు, భర్తకు ఇద్దరికిని ఒక్కొక్కటి విరిగియుండి, బిడ్డకు ఆ విరిగినవే రెండును వచ్చినప్పుడు ఆ నరకణములు ఎండిపోవును. తెలివి చెడదు, చూపు చెడదు. కండలు పనిచేయవు, తుదకు ఊపిరి తీయు కండలును పనిచేయవు. ఈ జన్యువును 1995లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

అట్టి దంపతులకు ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు ఈ ప్రమాదము ఉండును. ఒకసారి వచ్చినది గనుక ఇక మూడు కాన్పులకు భయము లేదనుకొనుట పొరపాటు. పచ్చీసు ఆటలో గవ్వలకు క్రిందటి పందెము జ్ఞాపకముండునా? ఇదియు అంతే. మన ప్రాంతములో మేనరికములు అలవాటు. దగ్గర రక్తసంబంధమున్నచోట ఒకే విరిగిన చెవి ఇద్దరివద్దను ఉండుటకు అవకాశము ఎక్కువ. నేను చెప్పిన దంపతులదియు మేనరికమే. అయినను ఏ బంధుత్వము లేనివారికి కూడ ఇట్టి బిడ్డలు పుట్టుదురు. కనుక ఎవరి పెండ్లినో తప్పుపట్టి ఊరుకొనరాదు.

తప్పుపట్టుట మాత్రము జరిగినది. ఊరిలో మాటలు వచ్చినవి. కోడలి అడుగు మంచిది కాదన్నారు. వీధి చివర పాముపుట్ట త్రవ్వించినందుకు నాగదోషమన్నారు. చెవులు రెండనియు, ఒకటి తండ్రివద్దనుండి వచ్చినదనియు నేను ఆ ఇంటి అరుగుమీద కూర్చుండి బంధువులందరి యెదుట చెప్పినాను. తండ్రి తల వంచుకొని విని, "అయితే నాదికూడ కలదన్నమాట" అన్నాడు. ఆ దినమున ఆ ఇల్లాలు మొదటిసారి అందరి యెదుట ఏడ్చినది. అంతవరకు ఏడ్చుటకు కూడ ఆమెకు హక్కు లేనట్లుండెను.

ఇక రాతిపలక సంగతికి వచ్చెదను. మన ఆచారములో పెద్దలు పోయినచో కర్మకాండ కలదు, ఏటేటా తద్దినము కలదు. చంటిబిడ్డ పోయినచో ఇంచుమించు ఏమియు లేదు. పూర్వము పసిబిడ్డల చావు ప్రతి ఇంటను ఉండెడిది. దానిని త్వరగా మరచుటయే మేలని పెద్దలు భావించియుందురు. ఆ ఏర్పాటు ఎంతమాత్రము తెలివితక్కువది కాదు. కాని మరచుటకు వీలుపడని తల్లిదండ్రులకు తేదీ లేదు, పిండము లేదు, పేరు పిలుచు సందర్భము లేదు. క్రైస్తవ సోదరులకు సమాధి మీద శిలువయు, వ్రాసిన పేరును ఉండును. ముస్లిము సోదరులకు కబరు ఉండును. మన కాలువగట్టున పూడ్చిన బిడ్డకు రెండు వానలు కురియుసరికి ఆ చోటుకూడ తెలియదు. ఆ అర్జీలో వారు అడిగినది నేలబండలు వేయుటకు కాదనియు, ఒక పేరు పలుకుటకనియు మనము గ్రహింపవలెను.

పోయిన పసివారి పేర్లు బ్రదికియున్న పసివారికి అశుభమన్న వారికి నేను ఒక సంగతి చెప్పినాను. కాకినాడ చెంత, కరప మండలములోని పెనుగుదురు వద్ద శ్రీకిరణ్ కంటి ఆసుపత్రి కలదు. ఈ సభలోనే ఎంతమంది అక్కడ శుక్లములు తీయించుకొన్నారో చేయెత్తుమన్నచో తెలియును. మీ తల్లులు, అత్తలు చాలమంది అక్కడికి పోయివచ్చినవారే. "శ్రీకిరణ్‌కు పోయి కన్ను తెరిపించుకొన్నాను" అనుచుందురు. శ్రీకిరణ్ అనగా ఎవరు?

ఆరేండ్ల బాలుడు. అతని తండ్రి డాక్టరు సంకురాత్రి చంద్రశేఖర్ కెనడా దేశములో ఒట్టావా నగరమున ఆ ప్రభుత్వ ఆరోగ్యశాఖలో శాస్త్రజ్ఞుడుగా పనిచేయుచుండెను. 1985 జూన్ 23వ తేదీన భార్య మంజరి, కుమారుడు శ్రీకిరణ్, మూడేండ్ల కుమార్తె శారద స్వదేశమునకు బయలుదేరి ఎక్కిన ఎయిరిండియా కనిష్క విమానము, అందులో పెట్టిన బాంబు ప్రేలి, ఐర్లండు తీరమునకు దూరమున సముద్రములో కూలినది. 329 మంది మరణించినారు. ఆ తండ్రికి మిగిలినవారు లేరు.

మూడేండ్ల తరువాత, 1988లో, ఆయన ఉద్యోగము విడిచి ఈ గోదావరి సీమకు వచ్చినాడు. భార్య పేర 1989లో సేవాసంస్థ నెలకొల్పినాడు. కుమార్తె పేర 1992లో శారదా విద్యాలయము వెలసినది. బీదపిల్లలకు చదువు, పుస్తకములు, బట్టలు, భోజనము ఉచితము. కుమారుని పేర 1993లో కంటి ఆసుపత్రి తెరచినారు. అక్కడ నేటికి మూడు లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగినవి, వానిలో అధిక భాగము ఉచితముగనే. 2023లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది.

ఇది జబ్బుతో పోయిన బిడ్డల కథ కాదని నాకు తెలియును. నేను దీనిని చెప్పుట వేరొక కారణమున. పోయిన బాలుని పేరు ఆసుపత్రి గుమ్మముపై ఉన్నది. పోయిన బాలిక పేరు పిల్లలు దినదినము ప్రవేశించు బడి గుమ్మముపై ఉన్నది. పలుగు పార పట్టిన కూలివాడును, కారులో వచ్చిన కామందును ఆ పేరు పలికియే లోనికి పోవుచున్నారు. ఎవరికైనను అశుభము తగిలినదా?

అయితే అందరికిని ఆసుపత్రులు కట్టు శక్తి ఉండదు. ఎకరమున్నర కౌలుసేద్యము చేసికొను దంపతులు ఏమి కట్టగలరు? వారివద్ద డబ్బు లేదు గాని, డబ్బుతో కొనలేనిది ఒకటి ఉన్నది. వారికి ఒక జబ్బు పేరు తెలియును. ఆ పేరు తెలియుటకు ఇద్దరు బిడ్డల ప్రాణములు వ్యయమైనవి.

ఒక జబ్బు పేరునకు అంత విలువ యేమి యని మీరు అడుగవచ్చును. నార్వే దేశములో బోర్గ్నీ ఎగెలాండ్ అను తల్లికి లీవ్ అను కుమార్తె, డాగ్ అను కుమారుడు ఉండిరి. ఇద్దరును పుట్టినప్పుడు చక్కగానే ఉండి, క్రమముగా మందబుద్ధులైరి. వారి ఒంటినుండి ఒక వింత వాసన వచ్చుటను ఆ తల్లి గుర్తించినది. ఏండ్ల తరబడి వైద్యుల చుట్టు తిరిగినది. ఏ వైద్యుడును ఆ వాసనను లెక్కచేయలేదు. తుదకు 1934లో ఓస్లో నగరములో ఆస్‌బ్యోర్న్ ఫెల్లింగ్ అను వైద్యుడు, రసాయన శాస్త్రము తెలిసినవాడు, ఆమె మాట విన్నాడు. పిల్లల మూత్రములో ఫెర్రిక్ క్లోరైడు కలుపగా అది ఆకుపచ్చగా మారినది. కారణము తేల్చుటకు ఇంకను మూత్రము కావలెనన్నాడు. ఆ తల్లి మోసినది లీటరు, రెండు లీటర్లు కాదు, ఇరువది లీటర్లకు పైగా. ఆ విధముగా బయటపడిన జబ్బును నేడు ఫినైల్‌కీటోన్యూరియా అందురు. ఆహారములోని ఒక పదార్థము ఆ పిల్లలకు జీర్ణము కాక మెదడును చెరచును.

ఆ కుమారుడు చిన్నతనముననే మరణించినాడు. కుమార్తెకు మందబుద్ధి పోలేదు. తల్లికి ఏమి మిగిలినదందురా? ఆ జబ్బుతో పుట్టిన శిశువునకు మొదటి వారములలోనే ఆహారము మార్చినచో మెదడు చెడదని తరువాతి కాలమున తేలినది. 1960 ప్రాంతమున అమెరికాలో రాబర్ట్ గత్రీ అను వైద్యుడు శిశువు మడమనుండి తీసిన రెండు మూడు రక్తపు చుక్కలతో దీనిని కనిపెట్టు పరీక్ష కల్పించినాడు. ఆయన మేనకోడలికి ఇదే జబ్బు, ఆయన కుమారునికి కూడ బుద్ధిమాంద్యము ఉండెను. నేడు అనేక దేశములలో పుట్టిన ప్రతి శిశువునకు ఆ మడమ పరీక్ష చేయుచున్నారు. మన ఆసుపత్రులన్నిటిలోను అందరు శిశువులకును అది ఇంకను జరుగుట లేదు. జరుగవలెనని అడుగవలసినవారిలో మీరును ఉన్నారు.

అరుదైన జబ్బులు అందుముగాని అవి ఆరువేలకు పైబడి యున్నవి. ఒక్కొక్కటి అరుదు, అన్నియు కలిసినచో అరుదు కాదు. వానిలో పెద్దభాగము జన్యువులవలన వచ్చునవే. ఏటేటా ఫిబ్రవరి చివరి దినమున ప్రపంచమంతట అరుదైన వ్యాధుల దినము జరుపుట 2008 నుండి వాడుకలోనికి వచ్చినది. మన దేశములో 2021 మార్చిలో కేంద్ర ప్రభుత్వము అరుదైన వ్యాధుల జాతీయ విధానమును ప్రకటించినది. 2022లో సహాయమును రోగికి 50 లక్షల రూపాయల వరకు పెంచినారు. దీనికై ఎంపికైన ఆసుపత్రులలో మనకు దగ్గరిది హైదరాబాదులోని నిజాము వైద్య విజ్ఞాన సంస్థ, అనగా నిమ్స్. అక్కడి జన్యు పరిశోధనశాల సి.డి.ఎఫ్.డి. దానితో కలిసి పనిచేయుచున్నది. 2022లో కోనసీమలో గాకర్ అను జబ్బుగల ఒక పసిబిడ్డకు ప్రభుత్వ వ్యయముతో ఖరీదైన ఎంజైము ఇంజెక్షనులు అమలాపురము ఆసుపత్రిలోనే ప్రారంభించిన సంగతి పత్రికలలో చదివియుందురు.

మీకు లేనిపోని ఆశ కల్పించను. అనేక జబ్బులకు మందు లేదు. ఉన్న మందులలో కొన్నిటి ధర వినినచో గుండె ఆగును. నేను చెప్పిన నరముల జబ్బునకు ఒకసారి ఇచ్చు ఇంజెక్షను ఖరీదు 16 కోట్ల రూపాయలని పత్రికలలో వచ్చినది. మీ పంచాయతీ పన్నులన్నియు ఎన్నేండ్లు పోగుచేసినచో అంత అగునో లెక్కవేయకుడు. అయితే కాలము మారుచున్నది. అదే జబ్బునకు నోటితో త్రాగించు రిస్‌డిప్లామ్ అను మందును, న్యాయస్థానములలో వివాదము నడచిన పిదప, హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థ 2025లో సీసా 15,900 రూపాయలకు విడుదల చేసినది. అంతకుమునుపు విదేశీ కంపెనీ సీసా ధర ఆరు లక్షలకు పైమాట. ఇదియు బీదవానికి భారమే, కాని ఊహకు అందని ధర కాదు. ఏ మందైనను జబ్బు పేరు తెలిసిన బిడ్డకే, త్వరగా తెలిసిన బిడ్డకే పనికివచ్చును. రిజిస్టరులో "జ్వరము" అని ఉన్న ఇంటికి ఏ మందును రాదు.

ఇక్కడ మీ పని వచ్చుచున్నది. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము మరణమును 21 దినములలో నమోదు చేయింపవలెను. చికిత్స చేసిన వైద్యుడు మరణ కారణ ధ్రువపత్రమును రుసుము లేకుండ ఇయ్యవలెను. 2023లో చేసిన సవరణవలన దాని ప్రతి ఒకటి దగ్గరి బంధువునకు కూడ ఇయ్యవలసియున్నది. ఆ కాగితమును అడిగి తీసికొనుడని దుఃఖములో మునిగిన ఇంటికి చెప్పు పెద్దమనిషి ఎవరు? మూడవనాడు మూట కాలువకు పోవకముందు, "బట్టలు విడిచిన విడువుడు, ఫైలు మాత్రము మాకిండు, మేము దాచెదము" అని అడుగు వార్డు సభ్యుడు ఒకడు ఉన్నచో చాలును. ఆ ఫైలును తల్లి కంట పడకుండ కార్యదర్శిగారి బీరువాలోనో, ఎ.ఎన్.ఎం. వద్దనో ఉంచవచ్చును. మరల ఆ ఇల్లాలు నెల తప్పిన దినమున దానిని బయటకు తీయవలెను. నెల తప్పిన రెండు మూడు మాసములలోనే, పదునొకండవ వారము మొదలుకొని, మావిముక్క పరీక్షతో గర్భస్థ శిశువునకు ఆ జబ్బు ఉన్నదో లేదో చెప్పగలరు. కాని పోయిన బిడ్డ జన్యువులో ఏ లోపమున్నదో ముందు తెలిసియుండవలెను. తెలియనిచో దేనికొరకు వెదకుదురు?

అట్లే 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకు ఏటికి రెండుసార్లు, బడులకు ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షింపవలెనని ఏర్పాటు కలదు. మీ ఊరికి ఆ బృందము ఎప్పుడు వచ్చినది, ఎందరు పిల్లలను చూచినది, ఎవరిని పై ఆసుపత్రికి పంపినది, పంపినవారు వెళ్ళినారా లేదా అని గ్రామసభలో అడుగుడు. వీధి దీపము వెలుగనిచో మనము ఎంత గట్టిగా అడుగుదుమో అంత గట్టిగా అడుగుడు.

ఆ దంపతుల మాట ముగించెదను. మూడవసారి ఆ ఇల్లాలు గర్భవతి అయినప్పుడు, రెండవ బిడ్డ కాగితములు ఉన్నందున, పండ్రెండవ వారములో హైదరాబాదు పోయి పరీక్ష చేయించుకొన్నారు. ఫలితము వచ్చువరకు ఆ ఇంట ఎవరికిని నిద్ర లేదు. శిశువునకు ఆ జబ్బు లేదు. ఆ ఆడపిల్ల ఇప్పుడు మూడవ తరగతి చదువుచున్నది. అల్లరి అంతయు ఇంతయు కాదు.

తల్లి మాత్రము నెలనెలా అంగన్‌వాడీలో పిల్లలను తూచు దినమున వచ్చును. ఆమెకు ఏ ఉద్యోగమును లేదు, ఎవరును జీతమియ్యరు. చంటిపిల్లలను ఒక్కొక్కరిని చాపపై పరుండబెట్టి, చేతులు పట్టి మెల్లగా పైకి లేపి, మెడ వచ్చుచున్నదా అని చూచును. అనుమానము తగిలినచో ఆశా కార్యకర్తకు చెప్పును. ఆరోగ్య కేంద్రములో ఒక యువవైద్యురాలు నాతో, "ఆమె పంపిన బిడ్డను నేను తేలికగా తీసికొనను" అన్నది. నేను ఉద్యోగములో చేయవలసియుండి చేయనిది ఆమె చేయుచున్నది.

ఈ సంగతి అంతయు విన్నమీదట పంచాయతీవారు తీర్మానము చేసినారు. కడుపుతో ఉన్నవారి మాట ఏమందురా? వారిని పిలిచి అడిగినారు. నలుగురిలో ముగ్గురు, "ఆవిడ మా పిల్లలను చూచుచుండగా ఆవిడ పిల్లల పేర్లకు మేము భయపడుట యేమి?" అన్నారు. నాలుగవ ఆమె తన అత్తగారిని అడిగి చెప్పెదనన్నది. పలక పెట్టుటకు ముందు మరియొక చిక్కు వచ్చినది. పేర్ల క్రింద జబ్బు పేరు కూడ చెక్కవలెనని దంపతులు కోరినారు. దేవుని పేరో, దాత పేరో వేయుట ఎరుగుదుము గాని జబ్బు పేరు వేయుట యేమని సభ్యులు సందేహించినారు. "ఆ పేరు తెలియకనే గదా మా పాప పోయినది, చదివినవారెవరైనను తెలిసికొందురు" అని తండ్రి అన్నాడు. సర్పంచిగారు ఆమోదించినారు.

రాతిపనివాడు ఆ పొడుగుపాటి పేరు చెక్కుటకు అక్షరములు తప్పిపోవునని, కాగితముపై వ్రాసి ఇమ్మని అడిగినాడు. తల్లి ఇంటికి పోయి, ట్రంకు పెట్టె తెరచి, బాబు వెండి మొలత్రాడు క్రింద భద్రపరచిన ఆసుపత్రి కాగితము తెచ్చి అతనికి ఇచ్చినది.